వచ్చినవి, తెచ్చినవి: హాబ్సన్‌విల్‌లో ఒక రోజు

ఆక్లండ్‌లో ఉన్న మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళాలంటే సముద్రపు ఒడ్డుకో, జూకో, లేదంటే మాల్‌కో వెళ్తారు. ఈసారి హాబ్సన్‌విల్‌కు వెళ్ళి చూడండి. ఖర్చు తక్కువ. ముసలివాళ్ళు కూడా మెల్లగా నడవగలిగిన దారి. ఫిజీ నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళకు అక్కడ గుర్తుకు వచ్చే సంగతులు చాలా ఉన్నాయి. వాటి గురించి చెబుతాను. దారిలో కొన్ని తెలుగు మాటలు కూడా వస్తాయి. మీకు తెలిసిన మాట అయితే ఒకసారి గట్టిగా అనండి. తెలియని మాట అయితే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.

హాబ్సన్‌విల్ ఒక ద్వీపకల్పం చివర ఉంది. ద్వీపం అంటే నాలుగు వైపులా నీళ్ళు ఉన్న నేల. ద్వీపకల్పం అంటే మూడు వైపులా నీళ్ళు, ఒక వైపు మాత్రం నేల. వైతెమతా హార్బర్ లోపలికి చొచ్చుకుని వచ్చిన చోట, ఆక్లండ్‌కు వాయవ్యాన ఇది ఉంది. న్యూజిలాండ్ మొదటి గవర్నర్ విలియం హాబ్సన్ పేరు ఈ ఊరికి పెట్టారు. మావోరీలు ఈ కొనను తె ఒనెకిరిటెయా అంటారు. ఆ పేరు ఇక్కడి తెల్లని మట్టి నుంచి వచ్చింది. ఆ మట్టితోనే ఒకప్పుడు ఇక్కడ గొట్టాలు, పెంకులు, కుండలు చేశారు.

కారులో వెళ్ళవచ్చు. కానీ నా మాట విని ఒకసారి ఫెర్రీలో వెళ్ళండి. ఫెర్రీ ఎక్కేది ఊరి మధ్యలో, క్వీన్ స్ట్రీట్ చివర. వేళలు మారుతుంటాయి, ముందు రోజే చూసుకోండి. ఇంకో సంగతి: నీళ్ళు తీసిన వేళకు చేరేలా వెళ్ళండి. సముద్రపు నీళ్ళు రోజూ పైకి వస్తాయి, వెనక్కి వెళ్తాయి. పైకి రావడం పోటు. వెనక్కి వెళ్ళడం ఆటు. ఆటు వేళ బురద బయటపడుతుంది. పక్షులు తిండి కోసం ఆ బురదలోకే దిగుతాయి.

నేను వెళ్ళింది ఫిబ్రవరిలో, ఒక శనివారం. నాతో మా అమ్మ, మా అక్క కొడుకు వచ్చారు. అమ్మకు 76 ఏళ్ళు. ఫిజీలో బా దగ్గర పుట్టింది. అక్క కొడుకుకు 12 ఏళ్ళు, ఇక్కడే పుట్టాడు. వాడు అమ్మను "నానీ" అంటాడు, "అమ్మమ్మ" అనడు. నన్ను మాత్రం "మామా" అంటాడు. ఆ మాట హిందీలోనూ తెలుగులోనూ ఒకటే కాబట్టి అమ్మకు పేచీ లేదు.

ఫెర్రీ హార్బర్ బ్రిడ్జి కింద నుంచి వెళ్తుంది. 1959లో కట్టిన వంతెన అది. వంతెన దాటాక మీరు కుడివైపు చూడండి. నీళ్ళ ఒడ్డున లేత గులాబీ రంగులో పెద్ద పాత భవనాలు కనిపిస్తాయి. అది చెల్సీ చక్కెర ఫ్యాక్టరీ. 1884లో మొదలైంది. ఈనాటికీ నడుస్తోంది. మన వంటింట్లో ఉండే చెల్సీ పొట్లం అక్కడిదే.

దీని వెనక ఉన్న కంపెనీ పేరు మీ ఇళ్ళలో విని ఉంటారు. కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. ఫిజీలో మనవాళ్ళు దానికి పేరు కూడా పెట్టలేదు. ఉత్త "కంపెనీ" అన్నారు. 1880ల మొదట్లో ఫిజీలో మిల్లులు పెట్టిన కంపెనీయే చెల్సీనీ నడిపింది. ఫిజీ చెరకు ఫిజీ మిల్లుల్లో ముడి చక్కెర అయ్యేది. ఆ ముడి చక్కెర ఓడల్లో ఈ రేవుకు వచ్చేది. ఇక్కడ తెల్లగా శుద్ధి చేసి అమ్మేవాళ్ళు. కంపెనీ 1973లో ఫిజీ వదిలి వెళ్ళిపోయింది.

అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఆ భవనాలను చాలాసేపు చూసింది. "మా నాయన నరికిన చెరకు ఇక్కడికి వచ్చిందా?" అని అడిగింది. వచ్చే ఉంటుంది అన్నాను. మా తాతయ్య రరావాయ్ మిల్లుకు చెరకు వేసేవాడు. ఆయన ఏనాడూ ఫిజీ దాటి వెళ్ళలేదు. ఆయన చక్కెర మాత్రం మా అందరికంటే ముందే ఆక్లండ్ చేరింది.

ఫెర్రీ బీచ్ హేవెన్‌లో ఒకసారి ఆగి హాబ్సన్‌విల్ చేరుతుంది. మీరు దిగే చోటు పేరు కెటలీనా బే. కెటలీనా అనేది ఒక విమానం పేరు. నీళ్ళ మీద దిగే విమానం. ప్రభుత్వం 1920ల్లో ఈ భూమి కొని ఇక్కడ వైమానిక స్థావరం కట్టింది. నేల మీద దిగే విమానాలకూ, నీళ్ళ మీద దిగే వాటికీ రెండింటికీ వీలైన చోటు ఇది. విమానాలు పెట్టిన పెద్ద షెడ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఇప్పుడు కాఫీ దుకాణాలు, హోటళ్ళు నడుస్తున్నాయి. చుట్టూ కొత్త ఇళ్ళు లేచాయి.

దీనికీ ఫిజీకీ సంబంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత న్యూజిలాండ్ వాయుసేన సండర్లండ్ అనే పెద్ద నీటి విమానాలు కొంది. వాటికి ఒక స్థావరం ఇక్కడ హాబ్సన్‌విల్‌లో, ఇంకొకటి సువాలో, లౌతల బేలో. 1967 వరకు అవి సువాలో ఉన్నాయి. ఆ మరుసటి ఏడు, 1968లో, అదే స్థలంలో యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ తెరిచారు. మీ ఇంట్లో ఎవరైనా అక్కడ చదివి ఉంటే, వాళ్ళు చదివింది నీటి విమానాల స్థావరంలోనే.

అమ్మ పడుచుప్పుడు టీచర్ ట్రైనింగ్‌కు సువా వెళ్ళింది. సండర్లండ్ నీళ్ళ మీద నుంచి లేవడం చూసింది. "పడవ పరుగెత్తి పరుగెత్తి పైకి లేచేది. ఇంత నురగ!" అని చేతులు చాపి చూపించింది. పిల్లవాడు నమ్మలేదు. ఫోన్‌లో బొమ్మ చూపించాక నమ్మాడు.

రేవు దగ్గర నుంచి నడక మొదలుపెట్టండి. ఈ దారి పేరు తె ఆరా మనావా. ఆరా అంటే దారి. మనావా అనే మాటకు మావోరీలో రెండు అర్థాలు. ఒకటి గుండె. ఇంకొకటి మడ చెట్టు. మడ చెట్టు అంటే ఉప్పునీళ్ళలో, బురదలో పెరిగే చెట్టు. దారి ఒడ్డు పొడవునా సాగుతుంది. కొన్ని చోట్ల మడల మీదుగా చెక్క వంతెన వేశారు. బురద అంటకుండా చెట్ల మధ్యలోకి వెళ్ళవచ్చు. వంతెన దిగవద్దు. కుక్క ఉంటే తాడు వదలవద్దు.

ఇక్కడ కాసేపు ఆగండి. చెట్టు చుట్టూ బురదలోకి చూడండి. పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల కొద్దీ పుల్లలు నిలబడి ఉంటాయి. అవి పుల్లలు కావు, వేళ్ళు. బురదలో గాలి ఆడదు కాబట్టి ఈ చెట్టు వేళ్ళు పైకి లేచి గాలి పీలుస్తాయి. తెలుగులో ఒక తమాషా ఉంది. చెట్టు వేరుకు బహువచనం వేళ్ళు. చేతి వేలుకు బహువచనం కూడా వేళ్ళే. ఈ మడ దగ్గర నిలబడితే ఆ రెండు మాటలూ ఎందుకు ఒకటయ్యాయో చిన్న పిల్లవాడికి కూడా చెప్పకుండానే అర్థమవుతుంది.

అమ్మ మోటర్‌వే మీద కారులో పోతూ ఈ చెట్లను ఎన్నోసార్లు చూసింది. దిగి దగ్గరగా చూడడం ఇదే మొదటిసారి. వంగి చూసి, "మా తాత చెప్పిన మడ ఇదే" అంది.

ఆ తాత కథ మీకు చెప్పాలి. మద్రాసు నుంచి ఫిజీకి కూలీల ఓడలు 1903లో మొదలయ్యాయి. 1916లో చివరి ఓడ వచ్చింది. దక్షిణం నుంచి దాదాపు 15 వేల మంది ఆ ఓడల్లో వచ్చారు. అమ్మ తాత వాళ్ళలో ఒకడు. ఆయనది గోదావరి జిల్లా, కోరంగి దగ్గర పల్లె. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడ నుంచి మనవాళ్ళు ఎన్ని దేశాలు వెళ్ళారంటే, బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్ళకు ఆ రేవు పేరే పెట్టారు, కోరంగీలు అని. కోరంగిలో ఇప్పటికీ పెద్ద మడ అడవి ఉంది.

తాత మనవలకు ఆ అడవి గురించి చెప్పేవాడట. "మా ఊళ్ళో మడ చెట్టుకు వేళ్ళు కిందికి పోవు, పైకి లేస్తాయి" అనేవాడట. పిల్లలు నవ్వేవాళ్ళు. ఎందుకంటే ఫిజీలో వాళ్ళు రోజూ చూసే మడలకు అలాంటి వేళ్ళు లేవు. అక్కడి మడల్లో ఎక్కువగా కనిపించేవి వేరే రకాలు. కొన్నింటి వేళ్ళు కొమ్మల నుంచి వంగి, ఊతకర్రల్లా నీళ్ళలోకి దిగుతాయి. కొన్నింటివి మోకాలు మడిచినట్టు ఉంటాయి. అందుకని తాత మాట కథే అనుకున్నారు.

అది కథ కాదు. కోరంగిలో పెరిగే మడల్లో ఒక రకానికి శాస్త్రంలో పేరు అవిసెన్నియా మరీనా. హాబ్సన్‌విల్‌లో మన కాళ్ళ కింద ఉన్న చెట్టు కూడా అవిసెన్నియా మరీనాయే, దానిలో దక్షిణాదిన పెరిగే ఉపజాతి. చలికి ఓర్చుకుంటుంది. ఆయన చెప్పిన చెట్టును ఆయన మనవరాలు ఆక్లండ్‌లో చూసింది.

ఆకును చేతితో తడిమి, ఆ వేలు నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకుల నుంచి బయటికి పంపుతుంది. వేసవి చివర వెళ్తే పచ్చని గింజలు నీళ్ళ మీద తేలుతూ కనిపిస్తాయి. ఈ గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తడం మొదలుపెడుతుంది. తరువాత రాలి, పోటుతో కొట్టుకుపోయి, ఎక్కడ బురద దొరికితే అక్కడ వేరు దింపుతుంది.

ఇప్పుడు పక్షుల సంగతి. ఆటు వేళ బురదలో తెల్లమొహం కొంగలు నడుస్తుంటాయి. కొంగ మనకు తెలిసిన మాటే. ఒంటి రంగు బూడిద, మొహం తెలుపు. కొమ్మ మీద కదలకుండా నీలంగా ఒక పిట్ట కూర్చుని ఉంటే అది లకుముకి పిట్ట. ఇక్కడివాళ్ళు కోటరే అంటారు. చిన్న పీతను పట్టి కొమ్మకేసి కొడుతుంది. రేవు చెక్కల కింద వానకోయిలలు గూళ్ళు కట్టుకుంటాయి. గాలిలో ఎగురుతూనే పురుగుల్ని పట్టుకుంటాయి. పొదల్లో గుంపుగా తిరిగే చిన్న ఆకుపచ్చ పిట్టలను చూడండి. కంటి చుట్టూ తెల్లని ఉంగరం ఉంటుంది. వాటి పేరు టౌహోఉ.

దూరంగా నీళ్ళ అంచున పొడుగు ముక్కుతో బురదను పొడిచే పక్షులు ఉంటే అవి కువాకాలు కావచ్చు. మన ఉల్లంకి పిట్టలకు చుట్టాలు. మాకు ఆ రోజు అరడజను కనిపించాయి. ఈ పక్షి అలాస్కాలో పుడుతుంది. సెప్టెంబరు ప్రాంతంలో పసిఫిక్ దాటి ఇక్కడికి వస్తుంది. మార్చిలో మళ్ళీ బయలుదేరుతుంది. 2007లో ఒక పక్షికి చిన్న యంత్రం అమర్చి చూశారు. అలాస్కా నుంచి న్యూజిలాండ్‌కు 11,500 కిలోమీటర్లకు పైగా, ఎక్కడా దిగకుండా, దాదాపు 8 రోజుల్లో వచ్చింది. మన పెద్దలు మద్రాసు నుంచి ఫిజీకి ఆవిరి ఓడలో రావడానికి దాదాపు నెల పట్టేది.

ఇంకొకటి మేము చూడలేదు, దాని కాలి గుర్తులు మాత్రం చూశాం. బురదలో మడ వేళ్ళ మధ్య మూడు వేళ్ళ ముద్రలు. అది నీటికోడి జాతి. ఇక్కడ మొహో పెరెరూ అంటారు. రొమ్ము మీద గోధుమరంగు పట్టీ ఉంటుంది. సిగ్గరి పక్షి. ఫిజీలో కూడా ఇది ఉండేది. వీతిలేవులోనూ వనువాలేవులోనూ ఇప్పుడు లేదు. ముంగిస తినేసింది.

ఆ ముంగిస ఎక్కడిదో తెలుసా? మన దేశానిది. చెరకు తోటల్లో ఎలుకలు ఎక్కువయ్యాయని 1883లో ఇండియా నుంచి ఫిజీకి తెచ్చారు. అది ఎలుకలతో ఆగలేదు. నేల మీద గూడు పెట్టే పక్షులన్నిటినీ తిన్నది. మన మొదటి ఓడ లియోనిదాస్ ఫిజీ చేరింది 1879లో. నాలుగేళ్ళ తేడా. మనిషినీ ముంగిసనూ తెచ్చింది ఆ చెరకు కోసమే.

మేము బెంచీ మీద కూర్చుని రోటీలో చుట్టిన ఆలూ కూర తింటున్నాం. రెండు గోరింకలు వచ్చి కాళ్ళ దగ్గర తిరుగుతున్నాయి. అమ్మ ఒక ముక్క వేయబోయింది. పిల్లవాడు ఆపాడు.

"వద్దు నానీ. అవి పెస్ట్. ఇక్కడివి కావు. బడిలో చెప్పారు. ఇండియా నుంచి తెచ్చారు. మిగతా పిట్టల గుడ్లు పాడు చేస్తాయి."

వాడు చెప్పినది నిజమే. న్యూజిలాండ్‌కు గోరింకను 1870ల్లో తెచ్చారు. ఫిజీకి 1890 ప్రాంతంలో, చెరకు పురుగులను తినడానికి తెచ్చారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే 100 పరాయి జీవుల జాబితా ఒకటి ఉంది. అందులో గోరింక ఉంది, ముంగిస ఉంది, పిగిలిపిట్ట కూడా ఉంది. పిగిలిపిట్ట అంటే మీరు ఫిజీలో బుల్బుల్ అనేది, తోక కింద ఎర్రగా ఉండేది. మూడూ మన నేల మీద పుట్టినవే. గోరింకనూ ముంగిసనూ తోటలవాళ్ళు తెచ్చారు. పిగిలిపిట్టను మాత్రం కూలీలుగా వచ్చిన మనవాళ్ళే 1903 ప్రాంతంలో పంజరాల్లో తెచ్చుకున్నారని చెబుతారు. మద్రాసు ఓడలు మొదలైన ఏడు కూడా అదే. ఆక్లండ్‌లో 1950ల్లో ఆ పిట్ట కనిపిస్తే ఒక్కటి మిగలకుండా తీసేశారు. 2013లో మళ్ళీ కనిపించింది, మళ్ళీ వెతికి పట్టుకున్నారు. మీ పెరట్లో కనిపిస్తే ముద్దుగా ఉందని ఊరుకోకండి, ప్రభుత్వ బయోసెక్యూరిటీ వాళ్ళకు చెప్పండి. బొప్పాయి తోట ఉన్నవాళ్ళను అడిగితే అది ఏం చేస్తుందో చెబుతారు.

పిల్లవాడు కాసేపు ఆలోచించాడు. తరువాత అడిగాడు: "మామా, మనల్ని కూడా ఇండియా నుంచి చెరకు కోసమే తెచ్చారు కదా. తరువాత ఇక్కడికి వచ్చాం. మరి మనం?"

వాడు ఆ మాట పూర్తి చేయలేదు. మీ పిల్లలు కూడా ఏదో ఒక రోజు అడుగుతారు. అందుకే ఇది రాస్తున్నాను. ఫిజీలో అమ్మ ఈ ప్రశ్నను ఇంకో రూపంలో విన్నది. అక్కడి మాట వులాంగి. అంటే అతిథి, బయటివాడు. మూడు తరాలు అక్కడే పుట్టినా వులాంగియే. 1987 తరువాత ఆ మాట ఇంకా గట్టిగా వినబడింది. అమ్మానాన్నలు మమ్మల్ని తీసుకుని ఇక్కడికి వచ్చింది ఆ తరువాతే.

నేను వాడికి ముందు పక్షుల లెక్క చెప్పాను. ఈ దేశంలో ముఖ్యంగా చూసేది ఇది: వచ్చిందా, తెచ్చారా? తెల్లమొహం కొంగ ఆస్ట్రేలియా నుంచి తనంతట తాను వచ్చి 1940ల్లో ఇక్కడ గూడు పెట్టింది. వానకోయిల 1950ల చివర్లో వచ్చింది. అంటే గోరింక వచ్చాక 80 ఏళ్ళకు. అయినా కొంగ, వానకోయిల ఇక్కడి పక్షులు. గోరింక కాదు. టౌహోఉ గుంపులుగా 1856లో వచ్చింది. మావోరీలో ఆ పేరుకు అర్థం ఏమిటో తెలుసా? కొత్తవాడు, పరాయివాడు. పేరు పరాయివాడు, లెక్కలో ఇక్కడివాడు. కువాకా ఇక్కడ పుట్టదు కూడా. అయినా ఇక్కడి పక్షే.

"అయితే మనం వచ్చామా, తెచ్చారా?" అన్నాడు.

తెలుగు నేర్చుకుంటున్న మీకు ఇక్కడ ఒక పాఠం ఉంది. వచ్చాడు అంటే తన కాళ్ళతో, తన ఇష్టంతో. తెచ్చారు అంటే ఎవరో పట్టుకొచ్చారు. రప్పించారు అంటే కబురు పెట్టి, ఆశ పెట్టి వచ్చేలా చేశారు. గిర్మిట్ కాలానికి ఏ మాట వాడాలి? కాగితం మీద వేలిముద్ర ఉంది కాబట్టి వచ్చారు అని కంపెనీ అనేది. ఏజెంటు ఎక్కడికి తీసుకుపోతున్నాడో చెప్పలేదు కాబట్టి తెచ్చారు అని మనవాళ్ళు అనేవాళ్ళు. ఒకే కుటుంబంలో అన్నకు ఒక మాట, తమ్ముడికి ఇంకో మాట సరిపోయి ఉండవచ్చు.

నేను ఇలా చెబుతుంటే అమ్మ రోటీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తరువాత వాడితో అంది: "మా తాతను తెచ్చారు. ఓడ ఎక్కేదాకా ఆయనకు ఫిజీ అంటే ఏమిటో తెలియదు. ఐదేళ్ళు అయ్యాక ఎవరూ పట్టుకోలేదు. తిరిగి పోవచ్చు. ఆయన పోలేదు. ఉన్నాడు. అది ఆయన పని. నన్ను ఎవరూ తేలేదు. నేను వచ్చాను. నువ్వు రాలేదు, తేలేదు. నువ్వు పుట్టావు."

వాడు "పుట్టావు" అని ఆ మాటను తిరిగి అన్నాడు. అది వాడికి తెలియని మాట. "బార్న్" అని నేను చెప్పాను. "పుట్టాను" అనాలి అని అమ్మ సరిచేసింది. నువ్వు పుట్టావు, నేను పుట్టాను.

ఆ జవాబుతో వాడి ప్రశ్న తీరిపోయిందని నేను అనను. గోరింకకు కూడా గుడ్డులోంచి బయటపడిన చోటు ఇదే కదా అని వాడు మళ్ళీ అన్నాడు. నిజమే. కానీ గోరింకను తెచ్చినవాళ్ళు ఎవరూ ఆ పక్షికి జవాబు చెప్పనక్కరలేదు. మనిషి అడగగలడు. తాను ఉన్న చోటుకు తన వల్ల హాని ఉందో మేలు ఉందో మనిషి చూసుకోగలడు కూడా. దారి పక్కన ఎలుకల ఉచ్చుల పెట్టెలు కనిపిస్తాయి. ఈ దేశం 2050 నాటికి ఎలుకలు, పోసమ్‌లు, స్టోట్‌లు లేకుండా చేయాలని 2016లో అనుకుంది. మీరు ఎవరి మనవలైనా సరే, ఒక ఉచ్చు చూసుకునే పని అడిగితే సంతోషంగా ఇస్తారు. మా వాడు పేరు ఇస్తానంటున్నాడు. మొహో పెరెరూ ఫిజీలో పోయింది, ఇక్కడ పోకూడదు అంటున్నాడు.

గోరింకలకు అమ్మ ముక్క వేయలేదు. కానీ వాటిని చూసి "గోరింక, గోరింక" అని రెండుసార్లు అంది. ఫిజీలో అందరం మైనా అనేవాళ్ళం. ఆ తెలుగు మాట ఆమె నోట నేను విని ఎన్నేళ్ళయిందో.

భాష పోయేటప్పుడు ముందుగా పోయేవి ఇలాంటి మాటలే. అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు అనే మాటలు చివరిదాకా ఉంటాయి. చెట్లకూ పిట్టలకూ ఉన్న పేర్లు ముందే వెళ్ళిపోతాయి, ఎందుకంటే దేశం మారితే ఆ చెట్టు ఉండదు, ఆ పిట్ట ఉండదు, ఎవరూ అడగరు. మా ఇంట్లో ఆ మాటలు తెలిసినది ఇప్పుడు అమ్మ ఒక్కతే. ఆమె తరువాత అడగడానికి ఎవరూ లేరు. అందుకే ఆ రోజు తిరుగు ఫెర్రీలో వాడి నోటు పుస్తకంలో రాయించాను. మడ, వేరు, కొంగ, లకుముకి, వానకోయిల, గోరింక, పిగిలిపిట్ట, ముంగిస, పీత, ఆటు, పోటు, రేవు. అమ్మ చెప్పింది, వాడు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, నేను పక్కన తెలుగులో రాశాను. 12 మాటలు. వాటిలో సగం నాకే కొత్త.

మీరు హాబ్సన్‌విల్ వెళ్ళినప్పుడు టోపీ, నీళ్ళు, తినడానికి కొంచెం ఏదైనా తీసుకుని వెళ్ళండి. దారి అంతా నడవనక్కరలేదు. మొదటి చెక్క వంతెన దాకా నడిస్తే చాలు, మడ కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళను తప్పక తీసుకుని వెళ్ళండి. మోకాళ్ళ నొప్పి అంటారు, బెంచీలు ఉన్నాయని చెప్పండి. అక్కడ కూర్చోబెట్టి ఒక్కొక్కటి చూపించి "దీన్ని ఏమంటారు?" అని అడగండి. వాళ్ళు హిందీలో చెబితే, "తెలుగులో?" అని ఇంకోసారి అడగండి. వెంటనే గుర్తుకు రాదు. కొంచెం ఆగండి.

అలా దొరికిన మాటలు ఈ పత్రికకు రాసి పంపండి. తెలుగు అక్షరాలు రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, ఫరవాలేదు. ఎవరి ఇంటి మాట, ఫిజీలో ఏ ఊరు అనేది మాత్రం పక్కన రాయండి. మా అమ్మకు నత్త అనే మాట గుర్తుంది కానీ, మడ బురదలో ఉండే నల్లని నత్తకు వాళ్ళ తాత వేరే పేరు చెప్పేవాడట. అది ఆమెకు ఎంత ఆలోచించినా రావడం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా తెలుసేమో అడిగి చూడండి.